పాత స్విఫ్ట్‌కు ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు వేయించాలా? ముందు పోయిన వెలుగును వెనక్కి తెచ్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2014 మోడల్ స్విఫ్ట్, ప్రతి శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాటి ఊరికి వెళ్తారు. హైవే మీద పర్వాలేదు గానీ, అది దిగాక ముప్పై కిలోమీటర్ల సింగిల్ రోడ్డులో ఏమీ కనబడక టెన్షన్ పడుతున్నారు. అప్పుడప్పుడు మీ నాన్నగారు కూడా నడుపుతారు. యాక్సెసరీస్ షాపువాళ్లు 20,000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) ఎల్‌ఈడీ జత 4,500 రూపాయలకు వేస్తామన్నారు. మీ మెకానిక్ 100/90 వాట్ల బల్బులు వేసుకోమన్నాడు. రెండింట్లో ఏది మేలు?

రెండూ వద్దండీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ఇదే ఫిర్యాదుతో ఇలాంటి కార్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. పదేళ్లు దాటిన కారులో హెడ్‌లైట్ తక్కువైందంటే, చాలాసార్లు బల్బు బలం చాలక కాదు. హెడ్‌లైట్ పైఅద్దం పసుపెక్కి కొంత, ఫోకస్ కిందికి జారి కొంత, పాత వైరింగ్‌లో వోల్టేజీ పడిపోయి కొంత, అలా వెలుగు పోయి ఉంటుంది. ఆ మూడూ సరిచేస్తే కారు కొన్న కొత్తలో ఎంత వెలుగుండేదో అంతా వస్తుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే వస్తుంది.

ముందు ఎల్‌ఈడీ సంగతి. మీ కారులో ఉన్నది హెచ్4 రకం హాలోజన్ బల్బు, 60/55 వాట్లు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే సన్నటి తీగలు ఉంటాయి, 60 వాట్లది హై బీమ్‌కు, 55 వాట్లది లో బీమ్‌కు. ఒకసారి బయటికి తీసి చూడండి, లో బీమ్ ఫిలమెంట్ కింద గరిటెలాంటి చిన్న రేకు కనిపిస్తుంది. అసలు పనంతా దానిదే. ఫిలమెంట్ నుంచి కిందివైపు వెళ్లే వెలుగును అది ఆపేస్తుంది. అందువల్ల రిఫ్లెక్టర్ (బల్బు వెనక ఉండే వెండిపొర గిన్నె) పైసగానికి మాత్రమే వెలుగు తగిలి, అది రోడ్డు మీదికి వంగుతుంది. ఎదుటివాడి కళ్ల ఎత్తుకు వెళ్లకుండా ఒక గీత గీసినట్టు ఆగుతుంది. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఆ గీత ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు అంచున నడిచేవాళ్లు, బోర్డులు కనబడాలని. మీ రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపునూ ఆ సన్నటి ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కవేసుకుని చేశారు.

ఇప్పుడు అక్కడ ఎల్‌ఈడీ పెట్టారనుకోండి. సన్నటి తీగ నుంచి చుట్టూ రావాల్సిన వెలుగు, ఒక పలక రెండు పక్కలా అతికించిన చిప్‌ల నుంచి వస్తుంది. మిల్లీమీటరు తేడా వచ్చినా రిఫ్లెక్టర్ లెక్క తప్పుతుంది. కారు ముందు పది పదిహేను మీటర్లు పట్టపగల్లా మెరుస్తుంది, దూరం మాత్రం చీకటిగానే ఉంటుంది, మిగతా వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. దగ్గర అంత మెరుపు ఉంటే మన కంటిపాప ముడుచుకుంటుంది, దూరాన ఉన్న గేదె అసలే కనబడదు. అయినా మనసుకు మాత్రం 'అబ్బ, ఎంత వెలుగో' అనిపిస్తుంది. షాపువాడు గోడ ముందు వెలిగించి చూపించేది కూడా ఆ దగ్గరి మెరుపునే.

20,000 ల్యూమెన్ల మాట కూడా ఒకసారి లెక్క కట్టి చూడండి. మంచి హెచ్4 బల్బు 13.2 వోల్టుల దగ్గర లో బీమ్‌లో సుమారు 1,000, హై బీమ్‌లో సుమారు 1,650 ల్యూమెన్లు ఇస్తుంది. ఒక వాటుకు 100 నుంచి 150 ల్యూమెన్లు ఇచ్చే ఎల్‌ఈడీతో 20,000 రావాలంటే జతకు 130 నుంచి 200 వాట్లు కావాలి, అంటే ఒక్కో బల్బుకు 65 నుంచి 100. వేలెడంత బల్బులో, బొటనవేలంత ఫ్యానుతో అంత వేడిని చల్లార్చడం కుదిరే పని కాదు. పైగా వేడెక్కేకొద్దీ ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది. షాపులో మొదటి నిమిషంలో చూసిన వెలుగు గంట ప్రయాణం తర్వాత ఉండదు. మన దుమ్ముకు ఆ ఫ్యాన్ ఆగిపోతే అంతే, ఏ రాత్రి ఏ రోడ్డు మీద ఒక పక్క లైట్ పోతుందో చెప్పలేం.

ఈ విషయంలో నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. 2008 నుంచి రెండు మూడేళ్ల పాటు హెచ్‌ఐడీ కిట్‌ల (ఫిలమెంట్ లేకుండా గ్యాసులో వెలిగే లైట్లు) గిరాకీ నడిచింది. మామూలు హాలోజన్ రిఫ్లెక్టర్లలో ఆ నీలి తెలుపు లైట్లు నేను కూడా చాలా కార్లకు బిగించాను. 2011 సంక్రాంతి తర్వాత ఒక రాత్రి మచిలీపట్నం నుంచి విజయవాడ వస్తున్నాను, పక్కన మా ఆవిడ, వెనక పాప. అప్పటికి ఆ రోడ్డు ఇంకా రెండు లైన్లే. ఉయ్యూరు దగ్గర చెరకు సీజన్, ఫ్యాక్టరీకి వెళ్లే ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఎదురుగా ఒక కారు అలాంటి లైట్లతోనే వచ్చింది, లో బీమ్‌లోనే ఉంది. అయినా నాకు రోడ్డంతా తెల్లటి గోడలా అయిపోయింది. ఆ కారు దాటాక కూడా నాలుగైదు సెకన్లు ఏమీ కనబడలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఐదు సెకన్లంటే 83 మీటర్లు. కళ్లు తేరుకునేసరికి ముందు టైరు పంక్చరై ఆగిన చెరకు ట్రక్కు ఉంది, వెనక లైటూ లేదు, రిఫ్లెక్టరూ లేదు. బ్రేకు తొక్కితే జానెడు దూరంలో ఆగాం. చెరకు గడలు బానెట్ మీదికి వేలాడుతున్నాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను బిగించిన కార్లు ఎంతమందికి ఇలా కళ్లు కట్టేస్తున్నాయో అనిపించింది. మిగిలిన కిట్‌లు తెచ్చినచోటే ఇచ్చేశాను. గుర్తున్న కస్టమర్లందరికీ ఫోన్ చేసి, వచ్చినవాళ్లకు డబ్బు తీసుకోకుండా విప్పి పాత బల్బులు వేశాను. అప్పటి నుంచి రిఫ్లెక్టర్ లైట్‌లో హెచ్‌ఐడీ గానీ ఎల్‌ఈడీ గానీ బిగించలేదు. సింగిల్ రోడ్డులో మీరు కళ్లు చెదరగొట్టిన డ్రైవర్ తన లారీని ఎటు తిప్పుతాడో ఆలోచించండి. అతను వచ్చేది మీ వైపే.

ఇక 100/90 బల్బులు. 100 వాట్లంటే 12 వోల్టుల దగ్గర ఒక్కో బల్బుకు 8 ఆంపియర్లకు పైన. మీ కారు వైర్లూ కప్లర్లూ (బల్బుకు తగిలించే ప్లగ్గులు) 60 వాట్లకు సరిపడా వేసినవి. పాత వైరులో ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ ఇంకా పడుతుంది, అనుకున్న వెలుగు రాదు, వేడి మాత్రం వస్తుంది. గోధుమరంగుకు మాడిపోయిన హోల్డర్లు, పొర ఊడి నల్లబడిన రిఫ్లెక్టర్లు నా షాపులో ఒక డబ్బా నిండా ఉన్నాయి. రిలేలు, సిరామిక్ హోల్డర్లు వేస్తే వైరు కాలదు, నిజమే. కానీ రిఫ్లెక్టర్ వేడి తగ్గదు, ఎదుటివాడికి కొట్టే వెలుగూ తగ్గదు.

ఇప్పుడు చేయాల్సిన పని. పగటిపూట హెడ్‌లైట్ అద్దాన్ని మూడడుగుల దూరం నుంచి చూడండి. లోపలి బల్బు స్పష్టంగా కనబడకపోతే అద్దం పని ముందు చేయించాలి. ఇవి గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పైన ఉండే రక్షణ పొరను ఎండ తినేశాక పసుపెక్కుతుంది. పాత అంబాసిడర్, మారుతి 800లకు గాజు అద్దాలు కాబట్టి ఈ బాధ ఉండేది కాదు. టూత్‌పేస్ట్‌తో రుద్దితే వారం పది రోజులు మెరుస్తుంది, అంతే. సరైన పద్ధతిలో అయితే చుట్టూ టేప్ అంటించి, నీళ్లు చల్లుతూ 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు రుద్ది, కాంపౌండ్‌తో బఫింగ్ చేయాలి. ఆ తర్వాత యూవీ తట్టుకునే క్లియర్ కోట్ కొట్టాలి, లేదా పారదర్శకమైన పీపీఎఫ్ (పెయింట్ రక్షణకు వాడే) ఫిల్మ్ అంటించాలి. చాలామంది బఫింగ్‌తో ఆపేస్తారు. పొర లేని అద్దం కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది, కాబట్టి కోటింగ్ ఉందా అని అడిగి మరీ చేయించుకోండి. పసుపు లోపలివైపు ఉన్నా, రిఫ్లెక్టర్ వెండిపొర ఊడినా డూమ్, అంటే హెడ్‌లైట్ డబ్బా మొత్తం మార్చడం తప్పదు. అప్పుడు కంపెనీదే తీసుకోండి. చవక నకిలీలలో రిఫ్లెక్టర్ వంపు సరిగా ఉండదు.

రెండోది ఫోకస్. డబ్బు ఖర్చు కాదు, ఫలితం మాత్రం అన్నింటికంటే ఎక్కువ. ఎత్తుపల్లాలు లేని చోట, ఒక గోడ ముందు 10 మీటర్ల దూరంలో కారు ఆపండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 వరకు అంకెలున్న లెవెలింగ్ నాబ్ ఉంటే దాన్ని 0లో పెట్టండి. ఆ నాబ్‌ను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు కిందికి దిగుతుంది. వెనక మనుషులూ సామానూ ఎక్కువై కారు ముక్కు పైకి లేచినప్పుడు దించడానికి అది. 'లైట్ చాలడం లేదు' అని వచ్చిన కొన్ని కార్లలో నేను చేసింది 3లో ఉన్న నాబ్‌ను 0కు తిప్పడం మాత్రమే.

నేల నుంచి హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తు టేపుతో కొలవండి. 70 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 10 మీటర్ల దూరంలోని గోడ మీద లో బీమ్ పైగీత 60 దగ్గర ఉండాలి. అంటే నూటికి ఒకటి చొప్పున దిగాలి. ఈ లెక్కన ఆ గీత సుమారు 70 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. అదే గోడ మీద 50 దగ్గర ఉంటే 35 మీటర్లకే ఆగిపోతుంది. గోడ మీద పది సెంటీమీటర్ల తేడా రోడ్డు మీద మీ చూపును సగానికి తగ్గించేస్తుంది. 70కి ఎక్కించారా, ఎదుటివాళ్ల కళ్లు పోతాయి. హెడ్‌లైట్ వెనక స్టార్ స్క్రూడ్రైవర్‌తో తిప్పే స్క్రూలు ఉంటాయి. ఒక పక్క లైటును గుడ్డతో కప్పి రెండో పక్క సరిచేయండి. హెచ్4లో రెండు ఫిలమెంట్లకూ రిఫ్లెక్టర్ ఒకటే కాబట్టి లో బీమ్ కుదిరితే హై బీమ్ కూడా కుదురుతుంది.

మూడోది వోల్టేజీ. ఇంజిన్ నడుస్తుండగా, లో బీమ్ వెలుగుతుండగా, మల్టీమీటర్‌తో బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర చూడండి, 14 వోల్టుల దగ్గర ఉంటుంది. తర్వాత బల్బు కప్లర్ వెనక పిన్నుల దగ్గర, బల్బు వెలుగుతూ ఉండగానే చూడండి. పాత కార్లలో 12.4 దాకా పడిపోవడం నేను చాలాసార్లు చూశాను. హాలోజన్ బల్బు గుణం ఏమిటంటే, వోల్టేజీ కొద్దిగా తగ్గినా వెలుగు చాలా ఎక్కువగా తగ్గుతుంది. 14 నుంచి 12.4కు పడితే వెలుగులో మూడో వంతు పోతుంది. బల్బు బాగానే ఉంటుంది, ఎర్రగా మండుతుంది, మనం బల్బును తిడతాం.

తేడా అర వోల్టు లోపే ఉంటే వైరింగ్ జోలికి వెళ్లకండి. అంతకు మించితే ముందు ఎర్త్ పాయింట్లు విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగించండి. చాలాసార్లు సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతాదానికి రిలే కిట్ వేయాలి. అంటే హెడ్‌లైట్ స్విచ్ గుండా వచ్చే కరెంటు రిలేను ఆన్ చేయడానికి మాత్రమే వాడుకుని, బల్బుకు వెళ్లే అసలు కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వడం. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, 30 ఆంపియర్ల రిలేలు చాలు. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం రాగిది కావాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఫ్యూజు దూరంగా పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా బాడీకి ఒరుసుకుని నిప్పంటుకునే ప్రమాదం ఉంది. కారు ఒరిజినల్ వైరును కోయనివ్వకండి, కప్లర్ నుంచి కప్లర్‌కు బిగిసే కిట్ తీసుకోండి. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, కిట్ దానికి తగ్గది కాకపోతే హై బీమ్ సూచిక పిచ్చిగా వెలుగుతుంది. అందుకే కొలవకుండా బిగించేవాడి దగ్గరకు వెళ్లొద్దు. ఇది మీ 2014 కారుకు చెబుతున్నాను. లైట్లను కంప్యూటర్ మాడ్యూల్ నడిపే కొత్త కార్లకు, వారంటీ ఉన్నవాటికి ఇది పనికిరాదు.

ఇవి అయ్యాక బల్బు. అదే 60/55 వాట్లలో ఆస్రామ్ నైట్ బ్రేకర్, ఫిలిప్స్ ఎక్స్‌ట్రీమ్ విజన్ లాంటివి దొరుకుతాయి. ఫిలమెంట్ మరింత కచ్చితంగా, గట్టిగా చుట్టి ఉంటుంది కాబట్టి దూరానికి వెలుగు పెరుగుతుంది. డబ్బా మీద ఉండే నూటముప్పై, నూటయాభై శాతం మాట రోడ్డు మీద ఒక చోట కొలిచినది, అదీ కనీస ప్రమాణంతో పోల్చి చెప్పినది. అంత తేడా కంటికి రాదు, కానీ తేడా మాత్రం తెలుస్తుంది. వాటి ఆయుష్షు మామూలు బల్బు కంటే తక్కువ, కాబట్టి పాత జత డిక్కీలో ఉంచుకోండి. నీలి పూత ఉన్న 'సూపర్ వైట్' బల్బులు మాత్రం కొనొద్దు, ఆ పూత ఉన్న వెలుగునే తినేస్తుంది. గాజును వేలితో తాకకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగులుతుంది.

ఫాగ్ లైట్లు అడగలేదు గానీ, తర్వాత ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే అంటున్నాను. అవి దూరానికి పనిచేయవు, వెడల్పుగా, దగ్గరగా పడతాయి. లంబసింగి, పాడేరు పొగమంచులో పసుపు ఫాగ్ లైట్లు బంగారం. మీ సింగిల్ రోడ్డులో మలుపు పక్కన గుంట చూడటానికి కొంత సాయం చేస్తాయి, అంతే. వర్షంలో ఏ లైటైనా మసకగానే ఉంటుంది. తడిసిన తారు అద్దంలా మారి వెలుగును ముందుకు నెట్టేస్తుంది, మన కంటికి తిరిగి రావాల్సింది రాదు. అక్కడ వేగం తగ్గించడం తప్ప మందు లేదు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు మీ ఎల్‌ఈడీ బల్బు గురించి వివరణ ఇచ్చుకోవాల్సి రావడం అంతకంటే పెద్ద తలనొప్పి.

కారు ముందు అద్దం (విండ్‌షీల్డ్) లోపలివైపు కూడా ఒకసారి తుడవండి. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఆవిరి, పాలిష్ స్ప్రేలు కలిసి పల్చటి పొరలా అంటుకుంటాయి, ఎదుటి లైటు పడగానే అద్దమంతా తెల్లబడేది అందుకే. వైపర్ గీతలు ఉంటే అవీ అదే పని చేస్తాయి.

మీ నాన్నగారిని ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. శుక్లం మొదలైతే పగలు ఏమీ తెలియదు, రాత్రి ఎదుటి లైటు చుట్టూ వలయాలుగా కనిపిస్తుంది. షుగర్ ఉంటే ఇంకా ముఖ్యం. మీరు కూడా చూపించుకోండి, కొందరికి చీకట్లో మాత్రమే కొద్దిపాటి మైనస్ పవర్ బయటపడుతుంది. రాత్రి డ్రైవింగ్‌కు అని అమ్మే పసుపు కళ్లద్దాలు మాత్రం వద్దు, అవి వచ్చే వెలుగును తగ్గిస్తాయి.

ఇక వేగం. ఇది లైట్ల ప్రశ్నలో భాగమే. గంటకు 80లో అడ్డం వచ్చినది చూసి కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35. మొత్తం 68. ఫోకస్ సరిగ్గా ఉన్న మీ లో బీమ్ హద్దు 70 అని పైన చెప్పాను కదా. ఆ హద్దు దగ్గర వెలుగు పల్చగా ఉంటుంది, నల్ల గేదె గానీ ముదురు రంగు పంచె కట్టిన మనిషి గానీ చాలా దగ్గరకు వస్తే తప్ప తెలియదు. మీ రోడ్డులో కోతల కాలంలో వడ్లూ మొక్కజొన్నా ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. లో బీమ్‌లో 60 దాటకండి, 60లో ఆగడానికి 45 మీటర్లు చాలు. ఎదుట ఎవరూ లేనప్పుడు హై బీమ్ ధైర్యంగా వాడండి, ఎవరైనా రాగానే దించండి. ఎదుటివాడు దించకపోతే అతని లైట్ల వైపు చూడకుండా ఎడమ అంచు తెల్లగీత మీద చూపు పెట్టి, యాక్సిలరేటర్ వదిలేయండి.

పనులన్నీ అయ్యాక ఒక చీకటి రాత్రి మీ ఊరి రోడ్డులోనే ఒక పరీక్ష చేయండి. మీ కారులో లో బీమ్ వేసి, స్టీరింగ్ దగ్గర మీ నాన్నగారిని కూర్చోబెట్టండి. మీరు ఇంకో కారులో వంద మీటర్ల అవతల ఎదురుగా కూర్చుని మీ లైట్లను చూడండి. కళ్లు చికిలించాల్సి వస్తే మర్నాడు మళ్లీ ఆ గోడ దగ్గరకు వెళ్లి, స్క్రూ కొద్దిగా దించి, మళ్లీ వచ్చి చూడండి.